వైద్యం బాగుంది, తండ్రికే చోటు లేదు: గుంటూరులోని ఒక పిల్లల ఆసుపత్రి సేవలపై సమీక్ష

గుంటూరులో పిల్లలకు మాత్రమే వైద్యం చేసే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మా అబ్బాయికి నెఫ్రోటిక్ సిండ్రోమ్‌కు చికిత్స చేయించాం, ఇప్పటికీ అక్కడికే తీసుకువెళ్తున్నాం. ఆసుపత్రి పేరు రాయడం లేదు. నేను చెప్పబోయే లోపం ఆ ఒక్క చోటనే ఉన్నది కాదు, మన ఇళ్లలో ఉన్న అలవాటునే వాళ్లూ పాటిస్తున్నారు. వైద్యం ఎలా ఉంది, బిల్లులు ఎలా ఉన్నాయి అన్నవి కూడా చెబుతాను గాని, బిడ్డకు జబ్బు చేసినప్పుడు అక్కడివాళ్లు తండ్రిని ఏ పనికి పిలుస్తారు, ఏ పనికి పిలవరు అన్నదే ఈ సమీక్షలో ప్రధాన విషయం.

ముందు జబ్బు గురించి కొంత చెప్పాలి. మూత్రపిండాల వడపోత దెబ్బతిని ఒంట్లో ఉండవలసిన ప్రోటీన్ మూత్రంలో పోవడం వల్ల ముఖం, కాళ్లు, పొట్ట ఉబ్బుతాయి. చిన్న పిల్లల్లో ఎక్కువ మందికి ఇది స్టెరాయిడ్ మందుతో తగ్గుతుంది. మొదటిసారి వచ్చినప్పుడు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్‌ను 6 వారాలు రోజూ ఇచ్చి, తరువాత 6 వారాలు మోతాదు తగ్గించి రోజు విడిచి రోజు ఇస్తారు. అయితే తగ్గిన పిల్లల్లో చాలా మందికి మళ్లీ మళ్లీ తిరగబెడుతుంది, ముఖ్యంగా జలుబు, జ్వరం వంటివి వచ్చినప్పుడు. అందుకని ఇంట్లో పొద్దున్నే మొదటి మూత్రాన్ని స్ట్రిప్‌తో పరీక్షించి, రంగు చూసి, డైరీలో రాయాలి. మూత్రంలో ప్రోటీన్ ఎంత పోతోందో ఆ రంగును బట్టి 1 ప్లస్, 2 ప్లస్ అని లెక్కిస్తారు. వరుసగా మూడు రోజులు 3 ప్లస్ గాని అంతకు మించి గాని కనిపిస్తే జబ్బు తిరగబెట్టిందని అర్థం. వాపు ఉన్న రోజుల్లో జ్వరంతో పాటు కడుపునొప్పి వస్తే ఒక్క పూట కూడా ఆగకూడదు. ఉప్పు తగ్గించాలి, పెద్ద మోతాదులో స్టెరాయిడ్ నడుస్తున్నంత కాలం కొన్ని టీకాలు వేయించకూడదు, మందు ఒక్కసారిగా ఆపకూడదు. ఇన్నీ చూసుకోవలసింది ఇంట్లోనే కాబట్టి, డాక్టరు రాసిన చీటీ ఎంత ముఖ్యమో, ఇంట్లో ఎవరికి ఏమి నేర్పి పంపారన్నదీ అంతే ముఖ్యం.

వైద్యం విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు. డాక్టరుగారు తొందరపడకుండా మాట్లాడతారు. జబ్బు ఎందుకు వచ్చిందని అడిగితే, చాలా మంది పిల్లల్లో ఫలానా కారణమని చెప్పలేమని నిజాయితీగా చెప్పారు. స్టెరాయిడ్ వల్ల ఆకలి విపరీతంగా పెరుగుతుందని, బుగ్గలు ఉబ్బుతాయని, పిల్లవాడికి చిరాకు ఎక్కువవుతుందని ముందే హెచ్చరించారు, అలాగే జరిగింది కూడా. నర్సులు సూది గుచ్చే ముందు పిల్లవాడికి చెప్పి గుచ్చుతారు. బిల్లులో ప్రతి పద్దూ విడిగా వేస్తారు. ఇంట్లో రాసుకోవడానికి ఇచ్చే డైరీ మంచి తెలుగులో, పెద్ద అక్షరాలతో ఉంది. ఈ జబ్బుకు ఇంకొకరెవరైనా నన్ను అడిగితే ఇక్కడికే పంపుతాను.

అయినా మొదటి రోజే నా మనసు నొచ్చుకుంది. మా అబ్బాయి వాపును ముందుగా కనిపెట్టింది నేను కాదు, మా వారు. నేను బడికి త్వరగా బయలుదేరతాను కాబట్టి పిల్లవాడికి బూట్లు తొడిగి బస్సు ఎక్కించే పని ఆయనది. సాయంత్రం సాక్సులు విప్పినప్పుడు పిక్కల మీద గాడి పడినట్టు గుర్తు పడుతోందని, పొద్దున లేవగానే కళ్ల కింద బరువుగా ఉంటోందని ఆయనే గమనించారు. ఊళ్లో చూపిస్తే కళ్లకు ఎలర్జీ అన్నారు గాని, కాళ్లకు ఎలర్జీ ఏమిటని పట్టుబట్టి గుంటూరు తీసుకువచ్చింది కూడా ఆయనే. ఓపీలో ‘వాపు ఎప్పటినుంచి ఉందమ్మా?’ అని డాక్టరుగారు నన్ను అడిగారు. వెనక నిలబడిన మా వారు జవాబు చెప్పారు. తరువాతి ప్రశ్న కూడా నాకే వచ్చింది, దానికీ ఆయనే జవాబు చెప్పారు. అడిగినవన్నీ నన్ను అడిగారు, చెప్పినవన్నీ ఆయన చెప్పారు, అయినా డాక్టరుగారి చూపు ఒక్కసారి కూడా ఆయన వైపు తిరగలేదు. ఇందులో అమర్యాద ఏమీ లేదు. పిల్లవాడి ఒంటి సంగతి తల్లికే తెలుస్తుందన్న నమ్మకం అంత గట్టిది.

ఆ నమ్మకం ప్రకారమే వార్డు మొత్తం నడుస్తుంది. జనరల్ వార్డులో మంచానికి ఒక కుర్చీ ఉంటుంది, రాత్రి అక్కడ తల్లి గాని, అమ్మమ్మో నాయనమ్మో గాని ఉండాలి, మగవాళ్లు ఎనిమిది గంటలకు కిందికి దిగిపోవాలి. దీనికి కారణం ఉంది, దాన్ని నేను కాదనను. పాలిచ్చే తల్లులు ఉంటారు, అలసిపోయి నిద్రపోయే ఆడవాళ్లు ఉంటారు, వాళ్లకు మరుగు కావాలి. కాని ఆ మరుగును మంచానికి మంచానికి మధ్య తెరలు కట్టి కూడా ఇవ్వవచ్చు. ఐసీయూలో పడకల మధ్య తెరలు ఉన్నాయి, జనరల్ వార్డులో లేవు. తండ్రులను బయటికి పంపడం తెరలు కొనడం కన్నా సులువైన మార్గం, అడిగేవాళ్లు లేరు కాబట్టి అదే పద్ధతిగా నిలిచిపోయింది.

కిందికి వెళ్లిన తండ్రులు సెల్లార్‌లో పార్కింగ్ పక్కన చాపలు పరుచుకుని పడుకుంటారు. మాచర్ల వైపు నుంచి వచ్చిన పత్తి రైతులు, చీరాల నుంచి వచ్చిన మగ్గం పనివాళ్లు, మిర్చి యార్డులో గుమాస్తాగా పనిచేసే మా వారు, అందరూ అక్కడే. పైనుంచి నర్సు ఫోను చేస్తే లేచి పరుగెత్తుతారు: మందుల షాపుకు, ల్యాబ్‌కు రక్తం శాంపిల్ తీసుకుని, క్యాష్ కౌంటర్‌కు, ఆరోగ్యమిత్ర దగ్గరికి. డెంగీ రోజుల్లో ప్లేట్‌లెట్లు ఇచ్చే దాతలను వెతికేది కూడా వాళ్లే. ఒకరి బిడ్డకు కావలసిన గ్రూపు రక్తం ఇంకొకరి బావమరిదిది అయితే అర్ధరాత్రి అయినా పిలిపిస్తారు, అడ్వాన్సు తక్కువైన వాళ్లకు చేబదులు ఇస్తారు. ఆ పరుగులో ఉన్న ప్రేమను తక్కువ చేసి చూడడం తప్పు. మన దగ్గర మగవాడు కష్టంలో ఉన్న బిడ్డ పట్ల తన ఆరాటాన్ని కాళ్లతో, డబ్బుతో, మొక్కుతో చూపించాలని పెంచుతారు, కన్నీళ్లతో చూపించాలని పెంచరు. మా వారు ఏ మాటా అనకుండా కోటప్పకొండకు తలనీలాలు మొక్కుకున్నారని నాకు చాలా రోజుల తరువాత తెలిసింది. ఆయన భయపడుతున్నారని కూడా నాకు అప్పుడే తెలిసింది.

లోపల నా పని వేరే రకం. చేతికి సెలైన్ సూది కదలకుండా పట్టుకోవడం, ఎంత నీళ్లు తాగాడో, ఎంత మూత్రం పోశాడో కాగితం మీద రాయడం, పిల్లవాడు ఏడిస్తే ఆపడం. ఆ ఏడుపు బయట ఉన్న తండ్రికి వినపడదు, ఆ బిల్లు లోపల ఉన్న తల్లికి కనపడదు. ఒకే బిడ్డ జబ్బును ఇద్దరం రెండు వేరువేరు జబ్బులుగా మోశాం అనిపిస్తుంది.

ఈ విభజనలో తండ్రి చేతికి పూర్తిగా వదిలేసింది ఒక్కటి ఉంది, అది సంతకం. వాపు బాగా పెరిగినప్పుడు ఆల్బుమిన్ (రక్తంలో ఉండే ప్రోటీన్) ఎక్కించాలన్నారు, అనుమతి పత్రం తెచ్చారు. నేను అక్కడే ఉన్నాను, చదివాను, అర్థం చేసుకున్నాను, సంతకం పెడతానన్నాను. ‘బాబు వాళ్ల నాన్నగారు రానివ్వండమ్మా’ అన్నారు. ఆయన యార్డు నుంచి వచ్చే దాకా మందు ఫ్రిజ్‌లోనే ఉంది. ప్రభుత్వ ఉపాధ్యాయినిని కాబట్టి వైద్య పథకం కార్డు నా పేరు మీదే ఉన్నా, ఖర్చు అంచనా కాగితం మాత్రం ఆయనకే ఇచ్చారు.

ఇది సిబ్బంది సొంత ఆలోచన కాదు. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టంలోని 6వ సెక్షన్ పిల్లలకు సహజ సంరక్షకుడు తండ్రి, ఆయన తరువాత తల్లి అని చెబుతుంది. అదే సెక్షన్ అయిదేళ్లు నిండని బిడ్డ సాధారణంగా తల్లి దగ్గర ఉండాలని కూడా చెబుతుంది. అధికారం ఆయనది, చాకిరీ ఆమెది అన్న మన ఇంటి లెక్క అలా చట్టంలోకి కూడా ఎక్కింది. 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు ‘ఆయన తరువాత’ అన్న మాటకు ఆయన చనిపోయిన తరువాత అని మాత్రమే అర్థం తీసుకోనక్కరలేదని, తండ్రి అందుబాటులో లేనప్పుడు, పట్టించుకోనప్పుడు కూడా తల్లి సంరక్షకురాలేనని తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు వచ్చి పాతికేళ్లు దాటినా పడక పక్కన నిలబడి ఉన్న తల్లి సంతకం చాలదనడం ఆసుపత్రి సరిదిద్దుకోవలసిన విషయం. ఇందులో తల్లికి జరిగే అవమానం వెంటనే కనిపిస్తుంది. తండ్రికి జరిగే నష్టం అంత తేలికగా కనిపించదు గాని అది కూడా అక్కడే ఉంది. సంతకం పెట్టే మనిషిగా ఒకసారి లెక్కలోకి తీసుకున్న తరువాత, చూసుకునే మనిషిగా ఆయనను ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

డిశ్చార్జి రోజున అది స్పష్టంగా బయటపడింది. మధ్యాహ్నం ‘తల్లులు రండి’ అని పిలిచి, ఒక చిన్న గదిలో స్ట్రిప్ ఎలా ముంచాలో, సీసా మీద ఉన్న రంగులతో ఎంతసేపటి తరువాత పోల్చాలో, డైరీలో ఏ గడిలో ఏమి రాయాలో చూపించారు. చెప్పిన సిస్టర్ చాలా చక్కగా చెప్పారు, మా చేత చేయించి చూశారు. సరిగ్గా అదే సమయానికి తండ్రులందరినీ క్యాష్ కౌంటర్ దగ్గర ఫైనల్ బిల్లుకు నిలబెట్టారు. మా వారు మధ్యలో ఒకసారి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు గాని, లోపల అందరూ ఆడవాళ్లే ఉండడం చూసి వెనక్కి తగ్గారు. రమ్మని ఎవరూ అనలేదు, వద్దని కూడా ఎవరూ అనలేదు. డైరీ మొదటి పేజీలో తల్లి పేరు, తల్లి ఫోను నంబరు రాయడానికి గడులు ఉన్నాయి. తండ్రికి ఉన్న గడి ఒక్కటే: వృత్తి.

దాని ఫలితం కొన్ని నెలలకు తెలిసింది. పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్‌కు నన్ను వేరే ఊరికి వేశారు. ఇంట్లో మా వారు, మా అత్తయ్యగారు, పిల్లవాడు. అప్పుడే వాడికి జలుబు చేసింది. పొద్దున్నే ఆయన స్ట్రిప్ ముంచి, ఫొటో తీసి నాకు పంపేవారు. ఫోను తెరమీద ఆకుపచ్చ రంగు అసలు రంగులా ఉండదు, 1 ప్లస్సో 2 ప్లస్సో తేల్చలేక ఇద్దరం అవస్థ పడ్డాం. ఎంతసేపు ముంచాలో, ఎంతసేపు ఆగి చూడాలో ఆయనకు ఎవరూ చెప్పలేదు. వాడిని ఓపీకి తీసుకువెళితే ‘అమ్మ రాలేదా?’ అని అడిగి, జాగ్రత్తలన్నీ నాకు ఫోను చేసి చెప్పారు. నేను పేపర్లు దిద్దే హాలు బయట నిలబడి విన్నాను. పిల్లవాడిని ఒళ్లో కూర్చోబెట్టుకున్న మనిషి ఎదురుగానే ఉన్నారు, ఆయనకే చెప్పి ఉండవచ్చు.

తండ్రులకు ఓపిక ఉండదని, మగవాళ్లకు ఇలాంటివి చేతకావని మా అత్తయ్యగారు మొదట్లో గట్టిగా నమ్మేవారు. ఆవిడ నమ్మకాన్ని కదిలించింది స్వీడన్‌లో ఉద్యోగం చేస్తున్న ఆవిడ చిన్న కొడుకు, మా మరిది. అక్కడ బిడ్డకు ఒంట్లో బాగాలేకపోతే తల్లి గాని తండ్రి గాని పని మానుకుని ఇంట్లో ఉండవచ్చు, జీతంలో సుమారు 80 శాతం సామాజిక బీమా నుంచి వస్తుంది. పన్నెండేళ్ల లోపు బిడ్డకు ఏడాదికి 120 రోజుల వరకు ఈ వీలుంది. 1974 నుంచి అక్కడి తండ్రులకు ఈ హక్కు ఉంది. ఒకే ఇంట్లో, ఒకే తల్లి చేతి అన్నం తిని పెరిగిన ఇద్దరు అన్నదమ్ముల్లో ఒకరు పాప జ్వరానికి సెలవు పెట్టి, డాక్టరుతో తానే మాట్లాడి, మందు తానే వేస్తున్నారు. ఇంకొకరు సెల్లార్‌లో చాప మీద పడుకున్నారు. తేడా మనుషుల్లో లేదు. ఎవరిని ఏ పనికి పిలుస్తారు, ఎవరి సెలవు ఎవరికి దొరుకుతుంది అన్నదాంట్లో ఉంది.

సెలవుల సంగతి ఆసుపత్రి చేతుల్లో లేదు గాని, ఇక్కడ చెప్పకపోతే చిత్రం పూర్తి కాదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022లో మహిళా ఉద్యోగులకు పిల్లల సంరక్షణ సెలవును 60 రోజుల నుంచి 180 రోజులకు పెంచింది, ఆ సెలవు వల్లనే నేను పిల్లవాడి పక్కన ఉండగలిగాను. పురుష ఉద్యోగుల్లో పెళ్లి కానివారికి, భార్య లేనివారికి మాత్రమే అది వర్తిస్తుంది. కేంద్ర ప్రభుత్వంలో 730 రోజుల సెలవుది కూడా ఇదే తీరు. తల్లి ఉన్నంత కాలం తండ్రి చూసుకోనవసరం లేదన్నది వాటి వెనక ఉన్న భావన. ఇక యార్డు గుమాస్తాకు ఆ మాత్రం కూడా లేదు. మిర్చి సీజన్‌లో నాలుగు రోజులు కనిపించకపోతే ఆ పద్దులు ఇంకొకరి చేతికి వెళ్తాయి. తండ్రులు ముందుకు రావడం లేదనేవాళ్లు ఈ సంగతి కూడా లెక్కలో వేసుకోవాలి.

ఆసుపత్రి చేయగలిగింది మాత్రం చాలా ఉంది, దానికి పెద్ద ఖర్చు కూడా లేదు. నవజాత శిశువుల ప్రత్యేక విభాగాల కోసం కేంద్ర ఆరోగ్య శాఖ 2017లోనే కుటుంబ భాగస్వామ్య సంరక్షణపై మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి ప్రకారం తండ్రి కూడా చేతులు కడుక్కుని, గౌను వేసుకుని లోపలికి వచ్చి బిడ్డను చూసుకోవడం నేర్చుకోవచ్చు. నెలలు నిండని బిడ్డను ఛాతీకి ఆనించుకుని వెచ్చగా ఉంచే కంగారూ సంరక్షణ తండ్రి కూడా ఇవ్వవచ్చని వైద్యులే చెబుతారు. అంత సున్నితమైన బిడ్డ దగ్గరికే తండ్రిని రానివ్వగలిగినప్పుడు, ఆరేళ్ల పిల్లవాడి మూత్రం స్ట్రిప్ చదవడం నేర్పడానికి అభ్యంతరం ఏమి ఉంటుంది? శిక్షణను బిల్లు కట్టే సమయానికి పెట్టకపోవడం, ‘తల్లులు రండి’ అనకుండా ‘ఇంట్లో పిల్లవాడిని చూసుకునేవాళ్లు ఇద్దరు రండి’ అనడం, డైరీలో రెండో ఫోను నంబరుకు చోటు పెట్టడం, ఓపీలో బిడ్డను తెచ్చిన మనిషికే విషయం చెప్పడం వెంటనే చేయదగ్గ పనులు. జనరల్ వార్డులో తెరలు కట్టి, పాలిచ్చే తల్లుల పడకలు ఒక వైపు ఉంచి, రెండో వైపు కనీసం ఒక రాత్రి తండ్రి ఉండే వీలు కల్పించడం కొంచెం ప్రయాసతో కూడినది, అయినా చేయవలసినదే. వారం రోజులు కుర్చీలో కూర్చున్న తల్లికి ఒక రాత్రి నిద్ర దొరకడం కూడా పిల్లవాడి వైద్యంలో భాగమే.

ఈ మాటలు నేను ఆసుపత్రిలోనే రాతపూర్వకంగా ఇచ్చాను. యాజమాన్యం నుంచి జవాబు రాలేదు. కాని తరువాతి ఓపీలో, మాకు మొదట నేర్పిన సిస్టరే మా వారిని పిలిచి కూర్చోబెట్టి, స్ట్రిప్ ఇచ్చి చేయించి చూశారు. పది నిమిషాలు కూడా పట్టలేదు. ఆయన అడిగిన ప్రశ్నలు నేను అడగనివి: స్ట్రిప్‌ల సీసా ఎండలో స్కూటర్ డిక్కీలో ఉంటే పాడవుతుందా, మూత తీశాక ఎన్నాళ్లు పనిచేస్తాయి, రోజు విడిచి రోజు మందులో ఒక రోజు మరిచిపోతే మరునాడు ఏమి చేయాలి. యార్డులో సరుకుకు తేమ చూసే మనిషికి ఇలాంటి ప్రశ్నలు సహజంగానే తడతాయి. ఇప్పుడు పొద్దున పరీక్ష ఆయనే చేస్తున్నారు, డైరీ ఆయన చేతిరాతలోనే ఉంది. స్టెరాయిడ్ ఆకలికి పిల్లవాడు రాత్రి లేచి ఏడ్చినప్పుడు ఉప్పు తక్కువ వేసిన అటుకులు కలిపి పెట్టేది కూడా ఆయనే. మా అత్తయ్యగారు ఇప్పటికీ సాయంత్రం ఉప్పు, మిరపకాయలతో దిష్టి తీస్తారు, ఆ తరువాత ‘ఇవాళ ఎంత వచ్చిందిరా’ అని కొడుకును అడుగుతారు.

నా అభిప్రాయం సూటిగా చెప్పాలంటే, ఈ జబ్బుకు వైద్యం కోసం ఇక్కడికి నిస్సంకోచంగా వెళ్లవచ్చు. వైద్యానికి, నర్సింగుకు, బిల్లుల్లో నిజాయితీకి అయిదుకు అయిదు ఇస్తాను. తల్లిదండ్రులకు ఇచ్చే శిక్షణ నాణ్యతలో గొప్పగా ఉన్నా ఒక్కరికే పరిమితమైంది కాబట్టి రెండున్నర, వార్డులో తండ్రికి ఉన్న చోటుకు ఒకటి. వెళ్లేవాళ్లు డిశ్చార్జి రోజున బిల్లు ముందే కట్టేసి, శిక్షణ గదిలోకి ఇద్దరూ వెళ్లండి. తలుపు దగ్గర ఆగిపోయే తండ్రి ఇంకెవరైనా కనిపిస్తే లోపలికి పిలవండి. సిస్టర్లు కాదనరు, చూపించమంటే ఓపికగా చూపిస్తారు. డైరీలో రెండో నంబరు రాయడానికి గడి లేకపోయినా, తల్లి నంబరు కింద చోటు ఉంది, అక్కడ రాయించండి.